బిట్రగుంట పెరట్లో జానెడు ఎడంలో నాటిన తీగలు

మార్చి నెలాఖరులో గౌసియా ఫోన్ చేసింది. వాళ్ళ పెరట్లోని రెండు ద్రాక్ష తీగల్లో ఒకటి తీసేయక తప్పదనీ, నేను వచ్చేదాకా రంపం పెట్టననీ చెప్పింది. అవి మేమిద్దరం ఏడో తరగతిలో నాటినవి. మా నాన్న రైల్వే గార్డు. కాలనీలో మా క్వార్టర్ వెనకున్న ద్రాక్షను కత్తిరించిన రోజు రెండు ముక్కలు అడిగి తీసుకుని, వాళ్ళ పెరట్లో జానెడు ఎడంలో గుచ్చాం. దూరంగా నాటితే వాటికి తోచదని మా బెంగ. మరుసటి ఏడు నాన్నకు బదిలీ అయింది. ఫోన్ పెట్టేసరికి, పరుపులు కుట్టే గౌసియా వాళ్ళింటి దూది వాసన గుర్తొచ్చింది.

నెల్లూరులో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కితే గంటలోపే బిట్రగుంట. టికెట్టు ఒక టిఫిన్ ఖర్చు కూడా కాదు. స్టేషన్ దాటగానే కాలనీ. మా క్వార్టర్ గోడలు నిలబడే ఉన్నాయి గానీ పైకప్పు లేదు, వెనక తీగ అసలే లేదు. ఆటో అతను ఇక్కడ ఎవరిల్లు కావాలని అడిగితే, ఎవరిదీ కాదు, పోనివ్వన్నా అన్నాను. షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి బోగోలు వైపు దిగాను. గౌసియా అక్కడ తన అర ఎకరం ద్రాక్ష తోట దగ్గర నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. నడుం మీద చేతులు పెట్టుకోవడం మాత్రం మారలేదు.

ముందు తోట చూపించింది. ఉన్నది కాస్త నేలే కదా అని మొదట్లో మొక్కకూ మొక్కకూ మధ్య మూడడుగులే వదిలిందట. "తొలికాపు జూసి అందురూ మెచ్చుకునినారు. ఆ తర్వాత పందిట్లో ఆకే మిగిలింది" అంది. తీగలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని గుత్తులకు ఎండ తగల్లేదు, రంగు సరిగా ఎక్కలేదు, వాన పడితే బూజు. పోయినేడు కాపయ్యాక మొక్క విడిచి మొక్క తీసేసింది. ఈసారి గుత్తుల లెక్క తగ్గింది గానీ గింజ లావెక్కింది. ఒక మూల మాత్రం తీయకుండా ఉంచింది. కోశాక మిగిలిన నాలుగు గుత్తుల్లో రెండు చోట్లవీ తిని చూశాను. ఆ మూలవి తింటే పళ్ళు పులిశాయి. మరీ ఎడంగా పెట్టినా లాభం లేదట. నేల వృథా అవుతుంది, సత్తువంతా తీగ సాగడానికే పోతుంది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాం. గౌసియా వాళ్ళమ్మను వీధి మొత్తం బీబమ్మ అంటుంది. బగారన్నం, దాల్చా పెట్టి, పక్కన ద్రాక్ష పచ్చడి వేసింది. ఇన్నేళ్ళూ పెరటి పందిరి కాయ పచ్చడికి తప్ప దేనికీ పనికిరాలేదట. తను ఉండగానే అక్కడ ఒక్క తియ్యటి గుత్తి తినాలని బీబమ్మ ఆశ.  గౌసియా తొందర నాకప్పుడు అర్థమైంది.

పెరట్లో రెండు మొదళ్ళూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. పోవాల్సింది సన్నదే. అది నాదే అన్నాను. నిజానికి నాకు గుర్తు లేదు, గౌసియాది బతకాలి అంతే. ఆమె ఒప్పుకోలేదు. నేను నాటింది గోడ పక్కనున్న లావుదనీ, సన్నది తనదేననీ మొండికేసింది. ఇద్దరం గొంతు పెంచాం. ముఖాలు తిప్పుకునేదాకా వచ్చింది. బీబమ్మ రంపం పట్టుకుని మెల్లగా వచ్చింది.

"నాటినప్పుడు ముందు చిగురేసింది నాదంటే నాదని జుట్లు పట్టుకునినారు. ఇప్పుడు పొయ్యేది నాదంటే నాదంటారా? పట్టండి."

పట్టాం. చెరో కాసేపు కోశాం. మొదలు విడిపోయాక, పందిరి మీది అల్లిక తెంపి లాగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. గౌసియాకూ ఆగలేదు. బీబమ్మ మాత్రం, పందిట్లోంచి ఎండ పడ్డ చోటికి కుర్చీ జరుపుకుని కూర్చుంది.

తీగల మాదిరే మనుషులకూ ఎడం కావాలని రాస్తే చదవడానికి బాగుంటుంది. నాకు రాయబుద్ధి కావడం లేదు. మా ఇద్దరి మధ్య ముప్పై ఏళ్ళ ఎడం ఉంది, దానివల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు. ఆ పెరట్లో నేను ఎదగాల్సిన మధ్యాహ్నాలు ఎన్నో పోయాయి, అవి ఇక రావు.

అటువైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. కోత చివరి రోజుల్లో, కత్తిరింపు మొదలుకాకముందు వెళ్ళండి, పండూ దొరుకుతుంది, పనీ చూడొచ్చు. తిరుగు టికెట్టు మాత్రం ముందే కొనకండి. నేను కొన్నాను. సాయంత్రం సంచి సర్దుతుంటే అది కింద పడింది. బీబమ్మ తీసి, తిప్పి చూసి, నా చేతిలో పెట్టింది.

"వచ్చేదానికి ముందే పొయ్యేదానికి కొనుక్కున్నావా మే?"