చౌరస్తాలో రాలిపడ్డ గులాబీ రాయి

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో దిద్దులు బాగుచేయించుకుందామని నగల దుకాణానికి వెళ్తే, అక్కడి అమ్మాయి నా పక్కావిడకు ఉంగరం చూపిస్తూ, "ఇది కెంపు కాదు మేడమ్, పింక్ సఫైర్" అంది. ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు మాత్రం నవ్వాగలేదు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజుల్లో ఇదే మాటకు మా ఇంటి ఓనరక్క మొహం ఎలా మారిందో గుర్తొచ్చింది.

అప్పుడు మేం కొత్తపేటలో, నల్లగొండ నుంచి వచ్చి స్థిరపడ్డ ఆమె ఇంట్లో మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. మాది గుంటూరు వైపు. మా మామగారు పడుచుతనంలో రత్నాల వ్యాపారి దగ్గర రాళ్లు ఏరిన మనిషి. రిటైరైనా కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం ఎప్పుడూ జేబులోనే ఉండేది. పొద్దున్నే ఒకే పేపరును ఆయనా ఓనరక్కా చెరో సగం పట్టుకుని రాష్ట్రం గురించి వాదించుకునేవారు. వాదన ముగిశాక ఆవిడే టీ పోసేది. ఆవిడ వేలికి వాళ్లమ్మ ఇచ్చిన గులాబీ రాయి ఉంగరం ఉండేది. దాన్ని కెంపనుకుని, అంట్లతోపాటే బూడిద పెట్టి తోమేసేది. "రాయికేం కాదమ్మా. దాన్ని పట్టుకున్న బంగారు కొక్కేలు అరిగిపోతున్నాయి" అని మామగారు నెత్తీనోరూ కొట్టుకునేవారు. "మీ ఆంధ్రోళ్లు అన్నిట్ల వంకలే పెడ్తరు సారూ" అనేది ఆవిడ.

ఒక బంద్ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు, రోడ్డు మీదే వండుకు తినే నిరసన. ఓనరక్క ముందురోజే పెద్ద గిన్నెలు తోమి పెట్టుకుంది. మధ్యాహ్నం అక్కడి నుంచే ఫోన్ చేసింది. "చెల్లె, మా అమ్మ రాయి ఉంగరంలకెల్లి యాడనో పడిపోయింది. సార్‌ను జర తోల్కరా" అంటూ ఏడుపు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఆ జనంలో మామగారి గుంటూరు యాసతో ఏమవుతుందోనని నాకు భయం. ఆయన చొక్కా తొడుక్కుంటూ, "పోయింది రాయమ్మా, నేను కాదు. పద" అన్నారు.

నడిచి వెళ్లేసరికి అక్కడ నినాదాలు ఆగిపోయి ఉన్నాయి. ఒకావిడ మైకులో "ఎవ్వలు కదలకుర్రి, అక్క రాయి పోయింది!" అంటోంది. అసలే కదలకుండా కూర్చోవడానికి వచ్చినవాళ్లు, ఇంకా గట్టిగా కూర్చున్నారు. ఆడవాళ్లు రోడ్డంతా చీపురుతో ఊడ్చి, పప్పును జల్లెడ పట్టి, ఏడు గులాబీ ముక్కలు ఏరి స్టీలు పళ్లెంలో పెట్టారు. మామగారు టార్పాలిన్ మీద చతికిలబడి ఒక్కొక్కటే భూతద్దంలో చూశారు. "లోపల గుండ్రటి బుడగలున్నాయి, గాజు. ఇది చీర మీది రాయి. ఇది పగిలిన చేతిగాజు ముక్క." ఏడూ పక్కకు పోయాయి. ఓనరక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంట్లో అంత గొంతున్న మనిషి అలా చిన్నదైపోతే నేను చూడలేకపోయాను.

మామగారు వంట గిన్నెల వైపు చూసి, "బియ్యం కడిగిన నీళ్లు ఎక్కడ పారబోశారమ్మా?" అన్నారు. డివైడర్ పక్కన. "ఆ రాయి సైజుకి మించిన బరువు. నీళ్లతో దూరం పోదు, పోసిన చోటే దిగబడుతుంది." అక్కడి బురదను పిడికెడు తీసి గ్లాసులో కడిగితే, అడుగున గులాబీ రంగు మెరిసింది. ఆయన దాని మీద నోటి ఆవిరి ఊదారు. మసక పట్టినట్టే పట్టి చిటికెలో పోయింది; గాజు మీదైతే అంత త్వరగా పోదు. భూతద్దంలో చూసి, "పట్టుదారాల్లాంటి సన్నటి గీతలు. ఇదేనమ్మా మీ అమ్మ రాయి" అన్నారు. అంతటితో ఊరుకోవచ్చుగా? "కాకపోతే కెంపు కాదు. రెండూ ఒకే జాతి, ఎర్రగా ఉంటే కెంపు, గులాబీగా ఉంటే పింక్ సఫైర్, అంటే నీలమే" అని చేర్చారు.

"నీలమా! శని రాయా!" ఓనరక్క రాయిని కింద పడేసినంత పనిచేసింది. "ముప్పై ఏండ్ల సంది పెట్టుకున్న గద సారూ!"

"ఆ ముప్పై ఏళ్లలో ఏమైంది?"

ఆవిడ వేళ్లు మడిచింది. "ఇల్లు కట్టినం. పిల్లలు సదువుకున్నరు. మా ఆయన తాగుడు బంద్ జేసిండు." మడిచిన వేళ్లు చూసుకుంది. "ఏం కాలె."

రోడ్డంతా నవ్వింది. రాయి దొరికిందని మైకులో చెబితే డప్పులు మోగాయి. ఎవరో మామగారికి అన్నం పళ్లెం ఇచ్చి, "ఒక్కసారి జై తెలంగాణ అనుర్రి సారూ" అన్నారు. ఆయన ఓనరక్క వైపు తిరిగి, "ముందు కొక్కేలు బిగించుకుంటానని నువ్వు అను" అన్నారు. ఆవిడ అంది. ఆయనా అన్నారు, చిన్నగా, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

తర్వాత రత్నాలు పరీక్షించే ల్యాబ్‌లో చూపిస్తే, సహజమైనదే, వేడి చేసి రంగు పెంచింది కాదని కాగితం ఇచ్చారు. అలాంటిదీ, ఇంత నిండు రంగుదీ మంచి ధర పలుకుతుందని మామగారు చెప్పారు. "మా అమ్మను అమ్ముతనా సారూ?" అంది ఆవిడ. అప్పట్నుంచి గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్, మిగతా నగలను గీకకుండా విడిగా ఒక గుడ్డసంచి. పేపరు మీద కొట్లాట మాత్రం మానలేదు.

రాష్ట్రం వచ్చింది. మేం ఇల్లు మారాం. మామగారు పోయి చాలా ఏళ్లయింది. వాళ్లిద్దరూ ఏ మాట మీద అంతలా వాదించుకున్నారో గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ రాదు. గొంతులు మాత్రం, మేడమెట్ల మీద నిలబడి వింటున్నంత స్పష్టంగా ఉన్నాయి. కాలం ఏది పారబోస్తుందో, ఏది ఉంచుతుందో మనల్ని అడగదు.