అయ్యవార్ల గదికి నేతముడి

తనను తానే పట్టిచ్చుకున్న దొంగల్లో నాకు సాటి వచ్చేవాడు చిత్తూరు జిల్లా మొత్తంలో లేడు. ఆ ఘనకార్యంతో నా చదువు దాదాపు గోవిందా కొట్టింది.

నూలుకు కంట్రోలు ఉండి, రేషను మీద కొలిచి ఇచ్చే రోజులవి. మాది నగరిలో నేతపని ఇల్లు. నేను చిత్తూరులో హాస్టల్లో ఉండి ఫోర్తుఫారం చదివేవాణ్ణి. ఆ మధ్యాహ్నం బీజగణితం పరీక్ష. నాకందులో ఒక్క ముక్క రాదు. అయ్యవార్లంతా అన్నాలు తిని తమ గదిలో కునికిపాట్లు పడుతుంటే, తలుపు రెక్కల కడియాలు రెండింటినీ కలిపి, పెట్టె కట్టుకోవడానికి నాయన ఇచ్చిన నూలు పేటతో బిగించేశాను. అదీ మామూలు ముడి కాదు, మా ఇంటి ముడి.

గంట కొట్టారు. లోపల అయ్యవార్లు తలుపు గుంజుతున్నారు, బయట పిల్లలు నవ్వుతున్నారు. డ్రిల్లు మాస్టారు వచ్చి ముడితో కుస్తీ పట్టి, ఓడిపోయి, కత్తి తెమ్మన్నాడు.

ఇక్కడే మీరు నన్ను క్షమించాలి. మా ఇళ్ళలో పోగు తెగితే అతుకుతారు, చిక్కుపడితే పూటంతా కూర్చుని విప్పుతారు, అంతేగానీ కత్తి పెట్టరు. అందులోనూ కంట్రోలు నూలు. కత్తి కనబడగానే నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

"కోయొద్దు సార్. నేనిప్పుతా."

మూడు లెక్కపెట్టేలోగా విప్పి, నూలు చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాను. గుమ్మడికాయల దొంగ భుజాలు మాత్రమే తడుముకున్నాడు. నేను కాయను నెత్తిన పెట్టుకుని ఊరేగాను.

హెడ్మాస్టరు నిబంధనల పుస్తకం తెరిచారు. అయ్యవార్లను నిర్బంధించడం ఘోరమైన నేరమట. దానికి టీసీ ఇచ్చి పంపేయవచ్చట. అట్లా పంపినవాణ్ణి ఇంకే హైస్కూలూ చేర్చుకోదట. మగ్గం గుంటలో కూర్చునే బతుకు తనతోనే ఆఖరు కావాలని, నా చదువు కోసం ఒంటిపూట తింటున్న నాయనకు కబురు వెళ్ళింది.

నాయన వచ్చి, అంతా నిలబడే విని, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"తప్పే సార్. అయితే దొరికిపోతానని తెలిసి గూడా నూలు కోయనీలేదే వీడు. ఇట్లాంటోణ్ణి తరిమేస్తే ఎట్ల సార్?"

దొరికిపోతానన్న సంగతి ముడి ఊడాక గానీ నాకు తట్టలేదు. ఇది మీకు చెబుతున్నాను గానీ నాయనకు ఆయన బతికినన్నాళ్ళూ చెప్పలేదు. హెడ్మాస్టరు పుస్తకం మూసి, ఆరు బెత్తం దెబ్బలతో, పదిహేను రోజుల సస్పెన్షన్‌తో సరిపెట్టారు.

ఆ పదిహేను రోజులూ మగ్గం దగ్గర నాయన పక్కనే కూర్చున్నాను. అమ్మ పెట్టిన సంగటి ఇద్దరం ఒకే తట్టలో తినేవాళ్ళం. ఆయన నేస్తూ తన చిన్ననాటి వెధవ పనులన్నీ చెప్పేవాడు, నేను నూలు చిక్కులు తీస్తూ వినేవాణ్ణి. మొదటి రెండు రోజులు బడి మీద బెంగ. ఆ తర్వాత బడికి పోవాలే అని బెంగ. పదహారో రోజు, ఇంకొన్నాళ్ళు ఉంటానని బతిమాలితే, "అది శిక్షరా, సెలవులు గాదు" అని బస్సెక్కించాడు. అన్నాళ్ళు వరసగా ఆయన పక్కన కూర్చోవడం నాకు మళ్ళీ కుదరలేదు.

కాబట్టి పాఠకులారా, ఇకమీదట ఏ అయ్యవారినీ గదిలో పెట్టి తలుపు కట్టనని గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. కట్టి మాత్రం ఏం లాభం? శిక్ష వేసి ఇంటికి పంపినా, ఇప్పుడక్కడ నాయన లేడు.