ఎదురుకోళ్ళకు కారంపొడి

నా ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి రెండుసార్లు ఖాయమై, రెండుసార్లూ ఊళ్ళమీద దాడుల భయంతో ఆగిపోయింది. పోలీసు చర్య అయ్యాక దారులు తెరుచుకున్నాయి. ఈ గోధూళి లగ్గం తప్పితే మళ్ళీ ఏడాది దాకా ముహూర్తం లేదన్నారు అయ్యగారు. అందుకే, ఈ ముసలితనంలో ఎగిరి గంతేసి మరీ బయలుదేరాను.

చౌటుప్పల్ నుంచి చిట్యాల అవతలి పల్లెకు ఎడ్లబండి కిరాయి మూడు హాలి రూపాయలు, అంటే అప్పటి నైజాం సిక్కాలు. కోడికూతకు కదిలి, ఎండ నెత్తికెక్కాక చిట్యాలలో సద్దిమూటలు విప్పాం. సంతోషంతో నాకు ముద్ద దిగలేదు. "తినరాదు పెద్దయ్యా! పెండ్లి నీదా, పిలగానిదా?" అన్నాడు బండి తోలే మల్లయ్య.

పొద్దు వాలుతుండగా పొలిమేర చేరాం. ఆడపిల్లవాళ్ళు ఎదురొచ్చి, బొట్టు పెట్టి, బెల్లం పానకం తాగిస్తేనే పెళ్ళికొడుకు ఊళ్ళో కాలు పెట్టాలి. అదే ఎదురుకోళ్ళు. ఎంతకీ ఎవరూ రారు. లగ్గం ముంచుకొస్తోంది. "కొట్టుర్రి డప్పు!" అని మా డప్పులవాళ్ళకు చెప్పాను.

ఊరు ఊరంతా ఉరికొచ్చింది! పొంగిపోయి చేతులు చాచి ఎదురు నడిచాను. దగ్గరికొస్తే మగవాళ్ళ చేతుల్లో వడిసెలలు, ఆడవాళ్ళ చేతుల్లో రోకళ్ళు. అందరికంటే ముందు మా వియ్యపురాలు, పిడికిలి నిండా కారంపొడితో! ఆ ఊళ్ళో రెండేళ్ళుగా దాడి వస్తే కావలివాళ్ళు పొలిమేరలో డప్పు కొట్టి హెచ్చరించేవారట, డప్పు మోగితే దాడి వచ్చినట్టేనట.

"చెల్లే, ఆగు! నేను పిలగాని బాపును!"

"అయ్యో అన్నా! జరైతే కండ్లల్లనే కొడుతుంటి గద!"

"పానకమేది మరి?"

"బిందె ఇంట్లనే ఇడిసి రోకలి అందుకున్నం!"

ఇంటికి పోయి తెస్తే లగ్గం దాటుతుంది, తాగకపోతే కాలు పెట్టరాదు. వియ్యంకుడే మా సద్దిమూటలోని బెల్లం మా నీళ్ళకుండలో వేసి కలిపాడు. "బెల్లం మీది, చెయ్యి మాది. తాగు బావా, లెక్క సరిపాయె!" అన్నాడు. వియ్యపురాలు హడావిడిలో చెయ్యి కడుక్కోకుండానే పిల్లవాడికి బొట్టు పెట్టింది.

లగ్గం అందింది! కానీ తలంబ్రాలు పోసేటప్పుడు పెళ్ళికూతురు నవ్వుతోంది, మావాడి కళ్ళు ధారగా కారుతున్నాయి. "గీ అప్పగింతలు ఎవలికే?" అని ఆడవాళ్ళు ఒకటే వేళాకోళం.

ఇన్నాళ్ళూ ఆ ఊరిని వణికించిన డప్పు ఆ రాత్రి పెళ్ళి డప్పై మోగింది. ముసలివాళ్ళు కూడా లేచి ఆడారు. మీరూ ఆ దిక్కు పెళ్ళికి పోతే, డప్పు కొట్టేముందు ఒక మనిషిని ఊళ్ళోకి పంపండి. మూటలో బెల్లం మరవకండి. అన్నట్టు, నాకు కారం తగలనేలేదు. అయినా మావాడి పక్కన నిలబడి వాడికంటే ఎక్కువ ఏడ్చాను.