మిరపకాయలతో చెప్పిన ఎక్కాలు

"చింతగింజలు ఒక్కటంటే ఒక్కటి ఇవ్వను. వేయించుకు తినేవాటిని తీసుకెళ్ళి బడిలో పోస్తావా?"

"పారబోస్తానా అత్తయ్యా? పిల్లలు లెక్కలు చేసుకోవడానికి. లెక్కపెట్టి తీసుకెళ్ళి లెక్కపెట్టి తెస్తా."

"మూడో తరగతితో ఆపినదానివి, నువ్వు చెప్పేదేంది, వాళ్ళు నేర్చేదేంది! ఇయ్యాళ నందిగామ నుంచి ఇనస్పెక్టరు వస్తాడంట. ఆయన ఒక్క మాటన్నాడా, రేపట్నించి నువ్వు బడి గడప తొక్కేది లేదు. తెలిసిందా?"

తెలిసింది. తెలిసి కూడా నేను చేసిన ఘనకార్యం వింటే, ఇవాళ నా ముందు నోరెత్తడానికి జంకే మనవరాళ్ళు నెత్తినెక్కి కూచుంటారు. అయినా చెబుతాను.

పెనుగంచిప్రోలు దగ్గర మా ఊరి బడికి ఒక్కరే మాస్టారు. ఐదు తరగతులు, ఒకటే గది. "ఎక్కాలు వచ్చినవాళ్ళెవరైనా మధ్యాహ్నం ఓ గంట వచ్చి చెప్పండమ్మా" అని ఆయన ఇల్లిల్లూ తిరిగారు. నాకు ఇరవై ఎక్కాలూ నోటికి వచ్చు. నన్నొకరు పిలిచి నీకు తెలిసింది చెప్పమనడం అదే మొదలు! ఎగిరి గంతేశాను. నెలలో పిల్లలు తొమ్మిదో ఎక్కం దాకా వచ్చారు. కానీ అంతా పాటే. మధ్యలో ఆపి అడిగితే మళ్ళీ మొదటినుంచి అందుకునేవాళ్ళు. చేత్తో కుప్పలు పెడితేగాని లెక్క బుర్రకెక్కదనిపించింది. అందుకే గింజలడిగాను.

గింజలు లేవు సరే, పెరట్లో ఎండుమిరపకాయలు గుట్టగా ఉన్నాయి, తొడిమలు తీయాల్సినవి. పిల్లలకు లెక్క వస్తుంది, మాకు తొడిమలు ఊడతాయి, కూలిమనిషి అక్కర్లేదు! ఇంత తెలివి ఒక్క తలకాయలో ఎలా పట్టిందా అని నాకే ఆశ్చర్యం. గంప నెత్తికెత్తుకున్నాను.

"నలుగురేసి కూచోండి. తొడిమ తీసి, ఏడేసి చొప్పున ఎనిమిది కుప్పలు పెట్టండి."

ఎంత చురుగ్గా పెట్టారనుకున్నారు! పాట ఆగి లెక్క మొదలైంది. ఎక్కడ ఆపి అడిగినా జవాబు టక్కున వస్తోంది. నేను ఆనందంతో గాల్లో తేలుతుండగా, ముందు కూచున్న కాశింబీ అనే పిల్ల కన్ను నలుపుకుంది.

"పంతులమ్మా, మంట!"

"ఎవరూ కళ్ళు ముట్టుకోవద్దు!" అని అరిచాను. ఆ మాట వినగానే ముప్పై మందీ తమ కళ్ళు ఉన్నాయో లేవో తడిమి చూసుకున్నారు.

ఇనస్పెక్టరుగారు సరిగ్గా అప్పుడే అడుగుపెట్టారు.

"ఎవరయ్యా వీళ్ళని కొట్టింది?"

"ఎవరూ కొట్టలేదండి," అన్నారు మాస్టారు. "ఎక్కాలండి."

"ఎక్కాలకే ఇంత ఏడుపా? ఏదీ, ఏడెనిమిదులు?"

"యాభై... ఊఁ... ఆరండీ!" అంది కాశింబీ.

"తొమ్మిదార్లు?"

"యాభై నాలుగూ... అమ్మో!" గదంతా ఏడుస్తూనే ఒక్క గొంతుతో చెప్పింది. ఎంత అడిగినా ఒక్కటీ తప్పలేదు.

ఆయన మొహం వెలిగిపోయింది. గంపలోంచి గుప్పెడు కాయలు తీసి, నలిపి చూసి, "ఇవేనా మీ లెక్కల సరంజామా? భేష్!" అంటూ అదే చేత్తో మొహాన చెమట తుడుచుకున్నారు.

ఇక చూడండి! నాకు దణ్ణం పెట్టి, "అమ్మా, జీతం లేకపోయినా... పిల్లల కోసం... మీలాంటివాళ్ళు..." అంటూ మున్నేటికి వరదొచ్చినట్టు కన్నీళ్ళు కార్చేశారు. మాస్టారు చెంబుతో నీళ్ళు తెచ్చి పోశారు. కిటికీ దగ్గర చూస్తున్న ఆడవాళ్ళు, చెంబు వచ్చేదాకా ఆగకుండానే ఊరంతా చెప్పేశారు: ఫలానా వాళ్ళ కోడలి చదువు చూసి ఇనస్పెక్టరు వెక్కి వెక్కి ఏడ్చాడని.

నేను కాదనలేదు. ఆ సాయంత్రం మజ్జిగతో చేతులు కడుక్కుంటూ ఒట్టు మాత్రం పెట్టుకున్నాను: ఈ జన్మలో బడిపనిలో ఇంటిపని కలపను, మిరపకాయను పులుసులో తప్ప ఇంకెక్కడా వాడను.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య చింతగింజల బుట్ట చంకనెత్తుకుని నాకంటే ముందే బడికెళ్ళి కూచుంది. "ఎన్నున్నాయో నాకు తెలవదు. లెక్కపెట్టి చెప్పవే పిల్లా," అంది.

కాశింబీ పదేసి కుప్పలు పెట్టి, మూడు వందల పన్నెండని చెప్పింది.

అత్తయ్య నా వైపు తిరిగింది. "సాయంత్రానికి మూడు వందల పన్నెండూ ఇంటికి రావాల."