రైల్లో పన్నెండో నరం

2004లో ఫిజియోథెరపీ మొదటి ఏడాది వైవా కోసం రేపల్లె నుంచి తెనాలికి రైల్లో వెళ్తున్నాను. మెదడు నుంచి వచ్చే నరాలకు I నుంచి XII దాకా రోమన్ అంకెలుంటాయి. గుర్తుండటానికి ఒక్కో నరం పనీ చేసి చూసుకుంటున్నాను. VIIకి బుగ్గలు ఉబ్బించాను, XIకి భుజాలెగరేశాను, XIIకి నాలుక బయటపెట్టాను.

“అమ్మో, పిల్లకి ఫిట్సండీ!” అంటూ ఎదుటి పెద్దమ్మ తన తాళాల గుత్తి నా గుప్పిట్లో కుక్కింది. ఎవరో మొహాన నీళ్లు కొట్టారు.

“ఫిట్స్ కాదండీ, పరీక్షండీ!” అని అరిచి సంగతి చెప్పాను.

“అయితే నా పన్నెండోది ఎలా ఉందో చూడమ్మా” అని ఆవిడ నాలుక చాచింది. తెనాలి వచ్చేసరికి పెట్టెలో అందరి నాలుకలూ బయటే ఉన్నాయి!

వైవాలో సారు XII అడగ్గానే పకపకా నవ్వేశాను. జవాబు మాత్రం తప్పలేదు. ఇప్పటికీ గడియారం ముల్లు XII మీదికొస్తే నా నాలుక నోట్లో నిలవదు.