నాలుగు వేళ్ల ఎత్తు

మా డిజైన్ స్టూడియోలో కారు మొదట మట్టితో పుడుతుంది. కుమ్మరి మట్టి కాదు అది. నూనె, మైనం కలిసిన గోధుమరంగు ముద్ద. ఓవెన్‌లో పెడితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. దాన్ని ఫోమ్ దిమ్మె మీద అద్ది, పలుచని ఇనుప రేకులతో గీకి, అసలు కారు ఎంత ఉంటుందో అంత నమూనా చేయడం నా పని. భానూరు పోయే దారిలో ఉన్న ఆ షెడ్డులోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు, బైబిల్లో దేవుడు కుమ్మరి ఇంటికి పంపిన ప్రవక్త గుర్తొచ్చాడు. కుమ్మరి చేతిలో పాత్ర చెడిపోతే ఆ మట్టితోనే మరో పాత్ర చేస్తాడు. మేమూ ఒక్కో డోరును చెరిపి, చేసి, మళ్లీ చెరిపేవాళ్లం. ఆ పనిలో నాకు ఎప్పుడూ విసుగు రాలేదు.

అప్పుడు మేము చేస్తున్నది ఒక హ్యాచ్‌బ్యాక్. చిన్న కారే, కానీ ఖరీదైన చిన్న కారు. అమీన్‌పూర్‌లో కొత్త ఫ్లాట్లు కొనుక్కుని ఐటీ ఆఫీసులకు వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇరుకు సందులో తిరగాలి, కానీ లోపల కూర్చుంటే పెద్ద కారులో కూర్చున్నట్టే ఉండాలి. డోరు మూస్తే చప్పుడు కూడా మెత్తగా ఉండాలి. పుణే నుంచి వచ్చిన ఒక మేడమ్ ఆ కారుకు పెద్ద డిజైనర్. హైదరాబాద్‌లో ఉండి ఉండి తెలుగు బాగానే నేర్చుకుంది. మా వర్క్‌షాపు వాళ్లందరినీ అన్నా అని పిలిచేది.

నా భార్యకు కుడి తొడగూడు అరిగిపోయింది. ఆపరేషన్ చేస్తే నయమయ్యేదే, కానీ గుండె బలహీనంగా ఉంది, మత్తుకు తట్టుకోదని డాక్టర్లు ఆపేశారు. దేవునితో రాత్రంతా పోరాడి తొడగూడు జారి కుంటుకుంటూ వెళ్లిన పితరుని కథ వచ్చినప్పుడల్లా, "ఆయన అడిగి మరీ కొట్టించుకున్నడు. నేనేమడిగిన?" అని నవ్వేది. కర్దనూర్‌లో మా ఇంటి నుంచి పటాన్‌చెరు పక్కనున్న మా చర్చి మందిరానికి ఆటోలో వెళ్లేవాళ్లం. లారీలు తొక్కి తొక్కి పాడైన రోడ్డు. ఒక్కో గుంటకు ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. చివరికి ఆటో ఆమె వల్ల కాలేదు. కారంటే సీటు కింద ఉంటుంది, నడుము అంత వంగదు. పెద్ద కార్లకు మెట్టు ఎక్కాలి, కాలు అంత లేవదు. అట్లా ఆమెకు మందిరం ఆగిపోయింది.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభు బల్ల. అందరూ వరుసగా ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. రాలేనివాళ్లకు మా పాస్టరు అయ్యగారు ఇంటికే తెచ్చి ఇస్తారు. ఆమెకూ తెచ్చేవారు. ఆమె తీసుకునేది, కానీ ఒకరోజు ఆయనతో అనేసింది.

"అయ్యగారూ, నాకు బల్ల పార్సిల్ వస్తున్నది."

అయ్యగారు నవ్వాపుకోలేకపోయారు. "పార్సిలైనా అదే రొట్టె కదమ్మా."

"రొట్టె అదే. కానీ బల్ల దగ్గరికి నేను రావాలె గద. బల్ల నా దగ్గరికి వచ్చుడేంది?"

ఆమె కోరిక అదొక్కటే. నలుగురితో పాటు నడిచి వెళ్లి బల్ల ముందు నిలబడాలి. ఇంకేదీ అడగగా నేను వినలేదు.

మట్టి నమూనాతో పాటు మేము చెక్కతో ఒక చట్రం కూడా చేస్తాం. చక్రాలు, ఇంజను ఉండవు. డోర్లు, సీట్లు, స్టీరింగు మాత్రం అసలు కొలతలతో ఉంటాయి. మనుషులు ఎట్లా ఎక్కుతారు, ఎట్లా దిగుతారు, తల ఎక్కడ తగులుతుంది అని దాంట్లోనే చూస్తారు. లావుగా ఉన్నవాళ్లు, పొట్టివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఇలా రకరకాల మనుషులు కావాల్సి వచ్చి, ఇళ్లలో పెద్దవాళ్లుంటే తీసుకురండని మేడమ్ మాతో అన్నది. నేను నా భార్య సంగతి చెప్పాను. మేడమ్ మంచి రోడ్డు మీదుగా కంపెనీ వ్యాన్ పంపింది. వెనక సీటు తీసేసి, పరుపు వేసి, పడుకోబెట్టి తీసుకొచ్చాం.

ఆమె చెక్క కారు చుట్టూ ఒకసారి చూసి, "దీనికి రంగు వెయ్యలేదా ఇంక?" అంది. తర్వాత నా భుజం పట్టుకుని వెనక్కి జరిగింది. సీటు సరిగ్గా ఆమె తొడల ఎత్తులో ఉంది. దిగాల్సిన పని లేదు, ఎక్కాల్సిన పని లేదు. అట్లా జరిగి కూర్చుంది. తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంది. ముఖంలో నొప్పి లేదు. నేను ఆ ముఖం వైపే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

"ఆంటీ, ఎక్కడన్నా నొప్పి?" అని మేడమ్ అడిగింది.

"లేదమ్మా. దీనికి చక్రాలెప్పుడొస్తయి?"

"టైమ్ పడుతుంది ఆంటీ. రెండు మూడేళ్లు."

"ఏం పర్వాలేదు. కూర్సునే ఉంట."

అందరూ నవ్వారు. ఆమె నిజంగానే చాలాసేపు దిగలేదు. కళ్లు మూసుకుని, స్టీరింగు మీద చేతులు పెట్టి ప్రార్థన చేసింది. పక్కన మేకులు కొట్టేవాళ్లు తమంతట తామే ఆపేశారు.

ఆ శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. పాట అయ్యాక దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పమన్నారు. ఆమె మంచం మీద నుంచే చెప్పింది. "చెక్క కార్ల కూర్సున్న. నొప్పి లేకుండ కూర్సున్న. ప్రభువుకు స్తోత్రం. ఆ కారు రోడ్డు మీదికి వచ్చిన నాడు దాంట్లనే మందిరానికి వస్త. వచ్చి బల్ల దగ్గర నిలబడి తీసుకుంట. అప్పటిదాక బల్ల ముట్ట. ఇది దేవునికి నా మొక్కుబడి."

మా సంఘంలో పదిమంది ముందు చెప్పిన మొక్కుబడి అంటే రాతిలో చెక్కినట్టే. దొరకకముందే దొరికిందని స్తోత్రం చెప్పడం మేము నేర్చుకున్న విశ్వాసం. అందరం ఆమెన్ అన్నాం. అయ్యగారూ అన్నారు. ఒక అక్క లేచి ఆమె తలమీద చెయ్యి పెట్టి ఏడ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పండగలా ఉండింది.

కొన్ని నెలలకు పై ఆఫీసు నుంచి పెద్దవాళ్లు నమూనా చూడటానికి వచ్చారు. కారు బాగుంది కానీ ముసలివాళ్ల కారులా ఉందన్నారు. పైకప్పు కిందికి దిగాలి, కుర్రవాళ్లు చూసి మనసు పడాలి అన్నారు. పైకప్పు దిగితే సీటూ దిగాలి, లేకపోతే తల తగులుతుంది. మేడమ్ చాలా వాదించింది. తలుపు బయట నుంచి ఆమె గొంతు వినిపించింది. బయటికొచ్చి నాతో, "అన్నా, నాలుగు వేళ్లు తగ్గించమన్నారు" అని చెప్పి ముఖం తిప్పుకుంది.

ఆ పైకప్పు మట్టిని నేనే గీకాను. అది నా పని. గీకుతుంటే మట్టి పొరలు పొరలుగా చుట్టుకుని నా బూట్ల మీద పడింది.

ఇంటికి వెళ్లి చెప్పాను. "ఎంత తగ్గించిన్రు?" అంది. నాలుగు వేళ్లు అడ్డంగా చూపించాను. తన వేళ్లు నా వేళ్ల పక్కన పెట్టి కొలిచింది.

"గింతేనా?"

"గింతే."

"గింతకే నా నడుము అలుగుతది మరి." చెయ్యి వెనక్కి తీసుకుని, "అయినా నేను కారుకు మొక్కిన్నా? దేవునికి మొక్కిన. నొప్పైతే కానీ, దాంట్లనే వస్త. వచ్చినంక మందిరంల కూర్సునేటందుకు మాత్రం జెర ఎత్తు కుర్చీ జూడండి" అంది.

చెక్క చట్రాన్ని విరగ్గొట్టేటప్పుడు సూపర్‌వైజర్‌ను అడిగి, ఆ పాత సీటు కింద ఉన్న ప్లైవుడ్ ముక్కలు తెచ్చుకున్నాను. వాటిని దిమ్మెలుగా కోసి, మందిరంలో ఆడవాళ్ల వైపు తలుపు పక్కన ఒక కుర్చీ కాళ్ల కింద బిగించాను. సంఘ పెద్ద చూసి, "రాణి రాకముందే సింహాసనం వచ్చింది" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే ఆమె చాలా సంతోషపడింది. దాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు.

కారు ఆలస్యమైంది. ఒక విడిభాగం సరిగ్గా రాలేదని, పరీక్షలు మళ్లీ చేయాలని జరుగుతూ పోయింది. ఆమె గుండె అంతకాలం ఆగేలా లేదు. కాళ్లు వాచాయి, మాట మధ్యలో ఊపిరి తెగేది. అయ్యగారు ఒకరోజు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"అమ్మా, ధర్మశాస్త్రంలో ఒక మాట ఉంది. భార్య మొక్కుకుంటే భర్త కాదనవచ్చు. కాదంటే అది నిలవదు, దేవుడు క్షమిస్తాడు. ఈయనతో కాదనిపిస్తా. బల్ల తీసుకో."

ఆమె నవ్వింది. "అయ్యగారూ, మీరే నేర్పిన్రు. విన్న నాడే కాదనాలె. ఆ నాడు ఈయన ఆమెన్ అన్నడు. మీరూ అన్నరు."

అయ్యగారు లేచారు. బయట గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "వాక్యం ఇంత బాగా ఎందుకు నేర్పానా అనిపిస్తుంది" అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

సంగారెడ్డి ఆసుపత్రిలో చివరిసారి ఆయన చిన్న గిన్నెలో ద్రాక్షరసం, తెల్లగుడ్డలో రొట్టె తెచ్చారు. దేవుడు మొక్కుబడి కంటే నిన్నే ఎక్కువగా చూస్తాడమ్మా అని బతిమాలారు. నేనూ బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీరు తెచ్చిన్రు. నేను రాలె," అంది.

తర్వాత నా వైపు తిరిగి, "ఆడ బల్ల ఉంటది గద. నడిచే పోత" అంది. తెల్లవారింది, ఆమె లేదు.

నేను విశ్వాసిని. ఆమె ఎక్కడ ఉందో నాకు తెలుసు, అక్కడ తొడగూడు నొప్పి లేదనీ తెలుసు. సమాధి దగ్గర ఆ మాటే అందరి ముందు చెప్పాను, నమ్మే చెప్పాను. కానీ మొదటి ఆదివారం రొట్టె నా చేతికి వచ్చినప్పుడు అది నోటి దాకా పోదు. ఆమె ఆకలితో పోయిందనే మాట ఒక్కటే లోపల తిరుగుతుంది. ఎంత ప్రార్థించినా ఆ మాట పోవడం లేదు.

కారు ఆ తర్వాత వచ్చింది. చాలా అందంగా ఉంది. రోడ్డు మీద కనబడితే కుర్రవాళ్లు తల తిప్పి చూస్తారు.

ఒక బల్ల ఆదివారం అది మా మందిరం ముందు ఆగింది. అమీన్‌పూర్ నుంచి కొత్తగా మా సంఘంలో చేరిన కుటుంబం. కొడుకు బండి పెట్టడానికి చోటు చూస్తున్నాడు. ముందు సీట్లోంచి వాళ్లమ్మ దిగలేక, డోరు పట్టుకుని లేచి, "అమ్మా" అని మళ్లీ కూలబడింది. నేను వెళ్లాను. "పెద్దమ్మా, ముందు రెండు కాళ్లు కలిపి బయటికి పెట్టండి. ఇప్పుడు నా భుజం పట్టుకోండి" అన్నాను. నెమ్మదిగా లేపాను. నాలుగు వేళ్ల బరువు నా చేతికి తెలిసింది.

"నీకెట్ల తెలుసు బిడ్డా ఇట్ల లేపుడు?" అని అడిగింది.

నేను డోరు మూశాను. లోపలికి నడిపించాను. కింద చాపల మీద కూర్చోవడం ఆమె వల్ల కాదని చూస్తే తెలుస్తోంది. ఆడవాళ్లంతా నా వైపు చూశారు. నేను తలుపు పక్కన ఉన్న ఆ ఎత్తు కుర్చీని చేత్తో తుడిచి, ఆమెను కూర్చోబెట్టాను. వంగకుండానే కూర్చుంది. "హాయిగుంది" అంది.

వరుస కదిలినప్పుడు ఆమె లేచి, నా చెయ్యి పట్టుకుని, బల్ల దాకా నడిచి వెళ్లింది. అయ్యగారు ఆమెకు రొట్టె ఇచ్చి, నాకివ్వబోతూ ఆగారు. నేను చెయ్యి చాపలేకపోతున్నానని చూసి, రొట్టెను నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు నాలుగూ తన వేళ్లతో మూశారు.