చెరిపే ముందు వెతికిన అక్క

అక్క పోయిందన్న వార్త సర్జాపుర రోడ్డు మీద ఆగిపోయిన ఆఫీసు బస్సులో తెలిసింది. పక్కనున్న సహోద్యోగికి ఫోన్ చూపించాను. చదివి తిరిగిచ్చాడు. బస్సు ఇంకా కదలలేదు.

మా చిన్న వెబ్‌సైట్ల కంపెనీలో అందరం అక్కా అని పిలిచే ఆమె, అందరికన్నా సీనియర్. తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు నేతవాళ్ళ ఇంటి ఆడపడుచు. కోడ్‌ను పెదవులు కదుపుతూ చదివేది. కొన్నాళ్ళుగా డయాలసిస్ చేయించుకుంటూనే పనికి వచ్చేది.

రక్తదాతల బృందం ఒకటి నడిపే సైటు మా చేతిలో ఉండేది. ఫోన్‌లో తెరిస్తే అత్యవసర నంబరు కనిపించడం లేదని ఒకరోజు వాళ్ళు చెప్పారు. ఆసుపత్రి వరండాల్లో నిలబడి వెతికేవాళ్ళు ఫోన్‌లోనే కదా చూస్తారు! పేజీలో మేం రాయని స్టైల్ కోడ్ ఏదో చేరి, చిన్న తెరల మీద ఆ నంబరును దాచేస్తోంది. సైటుకు రూపమిచ్చే థీమ్ ఫైల్లోనే మా కోడ్ చేర్చి దాన్ని కప్పేశాం. థీమ్ అప్‌డేట్ కాగానే మా కోడ్ చెరిగిపోయింది, నంబరు మళ్ళీ మాయమైంది.

ఆ మధ్యాహ్నం అక్క డయాలసిస్ ముగించుకుని నేరుగా వచ్చింది.

"మళ్ళీ కప్పేద్దాం అక్కా, ఇప్పటికి గడిచిపోతుంది," అన్నాను.

"కప్పితే పోతుందాప్పా? కింద ఉండనే ఉండాది. రాస్తా ఉండేది ఎవరో చూడు ముందు."

సైటుకు నకలు తీయించి, అందులో అదనపు పనులకు తగిలించిన ప్లగిన్లు ఒక్కొక్కటే ఆపించింది. నంబరును దాచే కోడ్ అలాగే ఉంది. థీమ్ మార్చించింది, కోడ్ పోయింది. ఇక పాత థీమ్ ఫైళ్ళు చదవడానికి కూర్చుంది. మధ్య మధ్య కళ్ళు మూసుకునేది. ఇంటికి వెళ్ళమంటే, "ఇంట్లోనూ ఇదే అలుపు కదప్పా," అంది.

సాయంత్రానికి దొరికింది. మేం ఖాళీగా వదిలేసిన ఒక సెట్టింగును 'దాచు' అని అర్థం చేసుకుని థీమే ప్రతి పేజీలోనూ ఆ కోడ్ రాస్తోంది. అసలు థీమ్‌కు అనుబంధంగా ఉండి, అప్‌డేట్లకు చెరగని చైల్డ్ థీమ్‌లో, ఆ రాతను ఆపే కోడ్ పెట్టించింది. నేను థీమ్‌ను తిట్టుకుంటుంటే, "మనం ఏమీ చెప్పకుండా వదిలినాము. దానికి తోచింది అది చేసింది," అంది.

ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన కాస్త ఓపిక ఆమె దగ్గర నేర్చుకున్నదే.

తర్వాత నా ఫోన్ తీసుకుని, సైటు తెరిచి, ఆ నంబరు నొక్కింది.

"ఏ గ్రూపు కావాలండీ?" అంది అవతలి గొంతు.

"ఏమీ వద్దప్పా. మోగుతుందా అని చూసినాను."

అవతల పెట్టేశారు. అక్క మాత్రం కళ్ళు మూసుకుని, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, కాల్ ఆగిపోయిన ఆ ఫోన్‌ను చెవి దగ్గర అలాగే పట్టుకుని కూర్చుంది.